ఇంకో జానెడు పైకి

ఏ వస్తువునీ ఉన్న ఎత్తులో ఉండనివ్వకపోవడం మామగారి జబ్బు. మంచం కాళ్ళ కింద ఇటుకలు, బీరువా కింద చెక్కలు, కుక్క తినే గిన్నె కింద పాత స్టూలు. కుక్క మొదట్లో మొరిగింది గానీ, తర్వాత మెడ చాచి తినడం నేర్చుకుంది. మనుషులకే ఇంకా అలవాటు కాలేదు.

ఉద్యోగమంతా ఊరి నీళ్ళ ట్యాంకు దగ్గర చేసి రిటైరైన మనిషి. "నీళ్ళయినా మాటయినా ఎత్తునుంచి వస్తేనే ఒత్తిడి ఉంటుంది అల్లుడుగారూ" అనేవారు. ఆ ఒత్తిడి ఎలా ఉంటుందో బీమా ఆఫీసు గుమాస్తా అయిన అల్లుడికి చెప్పక్కర్లేదు. మామగారు కూతురింటికి మకాం మార్చిన వారానికే, అతను పొద్దున లేచి మంచం దిగబోయి, కాలికి నేల ఇంకా తగలదేమా అని గాల్లో వెతికి, బొక్కబోర్లా పడ్డాడు.

"మంచం ఎవరెత్తారు?" అన్నాడు నేలమీంచే.

"నాన్న. కింద గాలి ఆడుతుందట" అంది భార్య, కాఫీ కప్పు అతని తల దాటించి బల్లమీద పెడుతూ. ఆ బల్ల కూడా నిన్నటికంటే ఎత్తుగా ఉంది.

ఊళ్ళోవాళ్ళు ఆయనకి ఎత్తుపీట అని పేరు పెట్టారు. అతను ఎత్తుపీట అల్లుడయ్యాడు. సొంత పేరు ఆఫీసు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

ఇలాంటి మనిషిని తీసుకెళ్ళి డిస్క్ గోల్ఫ్ తోటకి సంరక్షకుడిగా పెట్టిన పాపం మాత్రం అల్లుడిదే. ఆ క్లబ్బుకి అతను కార్యదర్శి. పగటిపూట ఇంట్లో లేకుండా ఉంటే అదే పదివేలనుకున్నాడు. ఆట తెలియనివాళ్ళకి ఒక్క మాట: పళ్ళెంలాంటి బిళ్ళని విసురుకుంటూ పోయి, ఇనప గుంజకి బిగించిన గొలుసుల బుట్టలో పడేలా వెయ్యాలి. తక్కువ విసుర్లలో వేసినవాడు గొప్ప. తమ తోటలో అలాంటి బుట్టలు తొమ్మిది ఉన్నాయని అతను గర్వంగా చూపించాడు. మామగారు తోటంతా తిరిగొచ్చి, చావింటికి వెళ్ళొచ్చినవాడిలా చతికిలబడ్డారు.

"తొమ్మిదీ ఒకే ఎత్తా?"

"అంతేగా మామగారూ."

"ఒకే పాట తొమ్మిదిసార్లు పాడితే దాన్ని కచేరీ అంటారా?"

ఆ మాట పక్కనే ఉన్న పోస్టుమాస్టరు విన్నాడు. రిటైరైన పోస్టుమాస్టరే ఆ క్లబ్బు పెట్టినవాడు, తొమ్మిది బుట్టలూ దగ్గరుండి పాతించినవాడు. స్టాంపు మీద బొమ్మలాగా ఆయన మొహం ఎప్పుడూ ఒకే వైపు చూస్తుంది, ఎప్పుడూ నవ్వదు. ఆ రోజు మొదలైన తగువు రెండేళ్ళు నడిచింది.

"బుట్ట ఎత్తితే గాలి లెక్క మారుతుంది, చేతి లెక్క మారుతుంది. ఆటలో ఒక కొత్త రకం వస్తుంది" అనేవారు మామగారు.

"గురి తప్పితే బిళ్ళ ఎక్కడికో పోతుంది. అది రకం కాదు, శిక్ష."

"శిక్షే లేకపోతే గురి ఎందుకయ్యా?"

"నీ పిచ్చికి నా ఆటని ఎందుకు బలివ్వాలయ్యా?"

తక్కినవాళ్ళు బిళ్ళలు పక్కన పడేసి ఈ ఆట చూసేవారు. అలాగే ఒక సాయంత్రం మాట మీద మాట పెరిగి పోస్టుమాస్టరు అన్నాడు: "బతుకంతా ట్యాంకు కింద కూర్చున్నావు. అందుకే అన్నీ నెత్తిమీదుండాలని నీకు దురద."

"నువ్వు బతుకంతా ఊరి ఉత్తరాలు మోశావు. నీకంటూ ఒక్కడూ ఒక్క ముక్క రాయలేదు" అన్నారు మామగారు.

అది నిజం. అందుకే ఎవరూ నవ్వలేదు. పోస్టుమాస్టరు తన బిళ్ళ సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజునుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇంటికొచ్చాక మామగారు వంటింట్లో ఉప్పుడబ్బా ఎత్తలేదు, చెప్పుల స్టాండు ఎత్తలేదు. ఊరికే కూర్చున్నారు. అలాంటి సుఖం ఆ ఇంట్లో ఒక్క పూటే ఉంది.

తర్వాత కొన్నాళ్ళకి పోస్టుమాస్టరు తన ఇంటి మెట్లమీదే జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. క్లబ్బు సమావేశమై, త్వరగా కోలుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించి, టీ తాగి, మర్చిపోయింది. అడ్డుచెప్పే మనిషి మంచాన పడ్డాడు కాబట్టి, అదే సమావేశంలో మామగారికి అనుమతి కూడా దొరికింది. రకం కోసం ఒక్క బుట్ట ఎత్తుకోవచ్చు. ఒక్కటే.

గుట్టమీదున్న మూడో బుట్ట ఎత్తుతారని అందరూ అనుకున్నారు. మామగారు తొమ్మిదోది పట్టుకున్నారు. అది తోట చివర, ప్రహరీగోడ పక్కన ఉంటుంది. గోడ అవతల సందు, సందు అవతల ఇళ్ళు. అంత చప్పిడి చోటు తోట మొత్తంలో లేదు.

"గుట్టమీదయితే నాలుగు వైపులా కనపడుతుంది కదా" అన్నాడు అల్లుడు.

"నాలుగు వైపులా ఎవడిక్కావాలి?" అన్నారు మామగారు, పాత నీళ్ళ గొట్టం ఒకటి భుజానికెత్తుకుని.

ఆ గొట్టం పాతి, దానిమీద బుట్ట బిగించారు. సరిపోలేదని మళ్ళీ ఎత్తారు. ఒకరోజు క్లబ్బు సభ్యుడు పళ్ళ డాక్టరు సందులోంచి వస్తుంటే మామగారు అవతలి కాలిబాటమీద వెల్లకిలా పడుకుని, ఒక కన్ను మూసుకుని ఉన్నారట. గుండెపోటేమోనని డాక్టరు పరుగున వెళ్ళి నాడి పట్టుకున్నాడు.

"ఏమైందండీ?"

"గోడ అడ్డమొస్తోంది" అన్నారు మామగారు. లేచి, వీపు దులుపుకుని వెళ్ళి, బుట్టని మళ్ళీ పైకి జరిపారు.

ఇప్పుడది మనిషెత్తు దాటింది. పళ్ళ డాక్టరేమో పొట్టి. బుట్టలో బిళ్ళ వెయ్యడం ఒక కష్టం, వేసింది తీసుకోవడం ఇంకో కష్టం. మామగారు దయతలచి అక్కడొక ఎత్తుపీట వేశారు. రోగులు కూర్చున్న కుర్చీని పైకీ కిందికీ ఆడించే మనిషికి, అందరూ చూస్తుండగా పీటెక్కడం చిన్నతనంగా తోచింది. దానికి తోడు ఒక ఆదివారం ఆయన బిళ్ళ గురి తప్పి, గోడ దాటి, సందులో పోతున్న సైకిలు బుట్టలో పడి రెండు వీధులు ప్రయాణం చేసింది.

"బుట్టలోనే పడింది కదా, లెక్కేసుకోండి" అన్నారు మామగారు.

డాక్టరు లెక్కేసుకున్నాడు. తర్వాతి సమావేశంలో తీర్మానం పెట్టాడు: తొమ్మిదో బుట్ట దించాలి, సంరక్షకుణ్ణి మార్చాలి. ఓట్లు సరిసమానంగా వచ్చాయి. అల్లుడి ఓటు బంధుత్వం కింద చెల్లదన్నారు. ఇక మిగిలింది పోస్టుమాస్టరు ఒక్కడే.

"ఆయన మాట మనకి తెలిసిందే. అయినా పద్ధతి పద్ధతే. వెళ్ళి నోటిమాట తెండి" అన్నాడు డాక్టరు తృప్తిగా.

ఇంటికొచ్చి చెబితే భార్య చేస్తున్న పని ఆపింది. "ఆ తోట పోతే నాన్న పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటారు. తర్వాత మీ ఇష్టం" అంది. మళ్ళీ తనే, వేరే గొంతుతో, "అమ్మ పోయాక ఆయన నవ్వుతూ వెళ్ళే చోటు అదొక్కటేనండీ" అంది.

మర్నాడు సాయంత్రం అతను పోస్టుమాస్టరు ఇల్లు వెతుక్కుంటూ బయల్దేరాడు. అవును, వెతుక్కుంటూనే. ఇన్నేళ్ళలో ఒక్కసారీ వెళ్ళలేదు. తీరా చూస్తే ఇల్లు తోట వెనక సందులోనే ఉంది.

పోస్టుమాస్టరు చెల్లెలు తలుపు తీసింది. "క్లబ్బు నుంచా? దారి తప్పారేమిటి?" అంది.

అతను చెప్పులు విప్పడానికి కావలసిన దానికంటే ఎక్కువసేపు తీసుకున్నాడు.

"పడ్డ కొత్తల్లో గోడవైపు తిరిగి పడుకునేవాడు. పలకరిస్తే పలికేవాడు కాదు, ముద్ద మింగేవాడు కాదు. మీవాళ్ళెవరైనా వస్తారేమోనని చూశాం. మీ మామగారూ రాలేదనుకోండి, ఆయనకీ మా అన్నయ్యకీ మాటల్లేవుగా. మరి మీకేమొచ్చింది?"

అంతలో లోపల్నుంచి పెద్ద కేక వినిపించింది. "చేతకాని వెధవ. మళ్ళీ తప్పాడు. ఎత్తు బుట్టకి అలాగేనా వేసేది?"

చెల్లెలు మొహంలో కోపం కాస్త సడలింది. "ఇదీ వరస. ఆ మాయదారి బుట్ట గోడమీంచి తల ఎత్తిన రోజున ఇటు తిరిగాడు. తిట్టడానికి లేచి కూర్చున్నాడు. ఇప్పుడు ఆట వేళకి తలకింద రెండు దిళ్ళు పెట్టి, కళ్ళజోడు ఇవ్వాలి. తిట్టి తిట్టి ఆకలంటాడు."

అతను గదిలోకి వెళ్ళాడు. కిటికీ పక్కన మంచం. మంచంమీదినుంచి చూస్తే సందు, ప్రహరీగోడ, గోడమీద తొమ్మిదో బుట్ట. చుట్టూ ఆకాశం తప్ప మరేమీ అడ్డం లేదు. పళ్ళ డాక్టరు కాలిబాటమీద నాడి పట్టుకున్నది సరిగ్గా ఈ కిటికీ కిందే.

"పోస్టుమాస్టరుగారూ, తొమ్మిదో బుట్ట దించాలని తీర్మానం వచ్చింది. మీ ఓటు…"

"ఎవడు పెట్టాడు?"

"పళ్ళ డాక్టరు."

"పీటెక్కి కూడా అందుకోలేడు, వాడికి తీర్మానమా? ఆ బుట్ట శుద్ధ తప్పు. ఆటకి పట్టిన చీడ. దించారంటే నేనూరుకోను."

"అంటే… ఉంచమంటారా?"

"రేపు దించేస్తే ఎల్లుండి నేనేం చూసి తిట్టాలి? నీ మొహమా?" పోస్టుమాస్టరు కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఆ ఎత్తుపీటతో చెప్పు. వెధవ పనయినా తిన్నగా చేసి చావమను. గోడ చాటున బుట్ట అడుగు కనపడట్లేదు. బిళ్ళ నిలిచిందో జారిందో తెలియక ఛస్తున్నాను. ఇంకో జానెడు ఎత్తమను."

అతను సందు దాటి తోటలోకి వచ్చేసరికి మామగారు ఎత్తుపీటమీద నిలబడి గొలుసులకి నూనె రాస్తున్నారు.

"ఓటు మీకే వేశాడు. ఇంకో జానెడు ఎత్తమన్నాడు" అన్నాడు అల్లుడు.

మామగారి చెయ్యి ఆగింది. "ఇంకేమన్నాడు?"

"తిట్టాడు."

"ఏమని?"

అల్లుడు పెద్దరికానికి లోటు రాకుండా, మర్యాద చేర్చి, తిట్లన్నీ అప్పజెప్పాడు. మామగారు తనకి సన్మానపత్రం చదువుతున్నట్టు విన్నారు.

"గట్టిగానే తిట్టాడా?"

"వీధి గుమ్మంలోకి వినపడింది."

"అయితే తేరుకున్నాడు." మళ్ళీ నూనె గుడ్డ అందుకున్నారు. "వాడికోసం పెట్టాననుకునేరు. చూసి కుళ్ళి చావాలని పెట్టాను."

అల్లుడికి ఇన్నాళ్ళూ తను విసుక్కున్నవన్నీ కళ్ళముందు తిరిగాయి. బల్ల, బీరువా, కుక్క గిన్నె. వాటన్నిటి వెనకా ఏయే మంచితనం దాగుందో తనకి తెలియలేదే అనుకున్నాడు.

"మామగారూ, మరి మా మంచం ఎందుకెత్తారు?" అన్నాడు మెత్తగా.

"అదా? ఊరికే. ఎత్తుగా ఉంటే బాగుంటుందని."

మర్నాడు బుట్ట పైకి జరిగింది. అల్లుడు వెళ్ళి చూస్తే జానెడు కాదు, బెత్తెడే.

"జానెడు కదా అడిగాడు?"

"ఒక్కసారే ఎత్తేస్తే వాడికి రేపటికేం మిగులుతుంది?" అన్నారు మామగారు, గోడ అవతలికి చెవి ఒగ్గి.

ఎక్కువసేపు ఎదురుచూడక్కర్లేకపోయింది.