ఇంటి నుంచి దిగివచ్చే అక్షరాలు

చిత్తూరులో పెళ్లిపత్రికలు అచ్చువేసే ఒక కొట్టువాళ్లు కంప్యూటర్లను నడిపే లైనక్స్ నాకు వచ్చని పిలిపించారు. నాకొచ్చిందంతా తిరుపతి గ్రంథాలయంలో ఒక లావుపాటి పుస్తకాన్ని మళ్లీ మళ్లీ చదివి నేర్చుకున్నదే. ఆ గర్వం నాకుండేది.

ఆ కొట్టులో కంప్యూటర్లు పెట్టిన పెద్దాయన ఆ ఏడే పోయాడు. ఆయన తమ్ముడు ఒక మాసపత్రికతో వచ్చిన సీడీ నుంచి లైనక్స్ కొత్తది ఎక్కించుకున్నాడు. అప్పటినుంచి ఒత్తులు విడిపోయి అచ్చవుతున్నాయి. పెళ్లికూతురి పేరు విరిగిన పత్రికకు పసుపు ఎవరు పూస్తారు? ముహూర్తాల కాలంలో పత్రికలన్నీ తిరిగొస్తున్నాయి.

అక్షరాల రూపాలుండే, పెద్దాయన చేసిన పాత ఫాంటు ప్యాకేజీ కొత్త లైనక్స్‌కు పడడం లేదని దాన్ని తీసేసి, సీడీలోది పెట్టాను. అచ్చు చక్కగా వచ్చింది. మర్నాడు చూస్తే నేను తీసేసిన పాతదే వచ్చి కూర్చుంది. మళ్లీ తీశాను. మళ్లీ వచ్చింది.

"మా అన్న సామాన్ల మీద ఇంకొకరు చెయ్యేస్తే గిట్టదబ్బా," అన్నాడు తమ్ముడు. నవ్వలేదు.

ఏ ప్యాకేజీ ఏ రిపాజిటరీ నుంచి, అంటే ప్యాకేజీలు దాచే ఏ చోటు నుంచి వచ్చిందో కంప్యూటరునే అడగవచ్చని పుస్తకంలో ఉంది. అడిగాను. 'ఇల్లు' అని చూపించింది. ప్యాకేజీ తయారైంది ఆ పొద్దున్నే.

కొట్టు మీదే వాళ్ల ఇల్లు. తమ్ముడూ నేనూ పైకెళ్లాం. అతని వదిన, పెద్దాయన భార్య, తలుపు తీసింది. పెద్దాయన గదిలో కంప్యూటరు ఒకటి నడుస్తూనే ఉంది. మానిటరుకు కనకాంబరాల దండ. దాన్నుంచి ఒక కేబులు తీగ కిటికీలోంచి కొట్టులోకి దిగింది.

"సంవత్సరీకం దాకా ఈ గదిలో దీపం ఆర్పగూడదన్నారు. ఇదీ ఆర్పలేదప్పా," అంది.

రోజూ కొట్టు తెరిచే వేళకు ఫాంటు మళ్లీ తయారై, కొత్త వెర్షన్ సంఖ్య వేసుకునేలా ఆయన ఎప్పుడో ఏర్పాటు చేశాడు. పెద్ద సంఖ్య చూసి కింది కంప్యూటరు దాన్నే తెచ్చుకుంటోంది. విషయం తెలిసింది. 

"ఆపేద్దామా వదినా?" అన్నాడు తమ్ముడు.

"ఈడ ఆపేది లేదు. ఆడ మీరే తీసుకోకుండా చేసుకోండి."

కిందికొచ్చి, 'ఇల్లు' నుంచి ఏదీ తీసుకోవద్దని కొట్టు కంప్యూటరుకు చెప్పాను. ఒత్తులు నిలిచాయి. ఆమె మెట్ల మీదే నిలబడి చూసింది.

"కింద ఇంకెవురూ అడగరని దానికి తెలుస్తాదా?"

"తెలీదక్కా. రోజూ తయారు చేసి పెట్టుకునే ఉంటాది."

ఆ తరువాత పొద్దున్నే ఆ కొట్టుకు వెళ్లినప్పుడల్లా పైన ఫాంటు తయారుచేస్తున్న కంప్యూటరు ఫ్యాను హోరు కాసేపు పెరగడం వినిపించేది. అది తగ్గేదాకా తమ్ముడు అచ్చు మొదలుపెట్టేవాడు కాదు.