ఇస్నాపూర్ షెడ్డులో అమ్మకానికి పెట్టిన విమానం

సెకండ్ హ్యాండ్ స్కూటర్ కొన్నవాళ్ళు మనలో బోలెడంతమంది. సెకండ్ హ్యాండ్ విమానం కొనాలనుకునేవాళ్ళు తక్కువే గాని, ఈ బ్లాగు చదివి ఉత్తరాలు రాసినవాళ్ళలో ముగ్గురు అదే సంగతి అడిగారు. పాత చిన్న విమానం చూడటానికి వెళితే ఏమేం చూడాలి, ఎంతలో వస్తుంది అని. వాళ్ళ కోసం, ఐదేళ్ళ కిందట నేను చేసిన ఒక్కరోజు ప్రయాణం గురించి రాస్తున్నాను. చాలాకాలంగా రాయాలనుకుంటూ వాయిదా వేసిన సంగతి ఇది.

నేను హైదరాబాదులో జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్‌ని. కుర్రతనంలో ఫ్లయింగ్ క్లబ్బులో నేర్చుకుని ప్రైవేటు పైలట్ లైసెన్సు తెచ్చుకున్నాను. కాని క్లబ్బు విమానం ఒక గంట నడిపితే ఆ నెల పాలవాడికి మొహం చాటేయాల్సి వచ్చేది. అలా ఏడాదికి మూడు నాలుగు గంటలతో సరిపెట్టుకుంటూ యాభై నాలుగేళ్ళ వాణ్ణయ్యాను. ఆ ఏడు వైద్య పరీక్షలో కళ్ళ డాక్టరు, "మాస్టారూ, ఇంకో రెండేళ్ళు. ఆ తర్వాత నేను సంతకం పెట్టను" అని తేల్చేశాడు. ఉన్న ఒక్క ప్లాటూ అమ్మేశాను. మా ఆవిడ అడ్డు చెప్పలేదు. "జీవితమంతా కిందనుంచి ఆకాశాన్ని చూసిన్రు. ఒక్కసారి పైనుంచి మమ్మల్ని చూడుండ్రి, పీడ పోతది" అంది. అంతకుముందు రెండు విమానాలు చూశాను. ఒకదాని ఇంజను అరిగిపోయింది, ఇంకోదానికి కాగితాలు లేవు. మూడోది పటాన్‌చెరు దాటాక ఇస్నాపూర్ దగ్గర ఒక షెడ్డులో ఉందని పేపర్లో మూడు లైన్ల ప్రకటన చూశాను. రెండు సీట్లు, అమెరికా తయారీ, పదకొండు లక్షలు. నా చేతికి అందే ధర అదొక్కటే. ఇది కూడా తప్పిపోతే ఇంకోదాని కోసం వెతికే వ్యవధి నాకు లేదు.

శ్రావణమాసంలో ఒక శనివారం పొద్దున్నే ఆరున్నరకు కోఠిలో సిటీ బస్సెక్కాను. లింగంపల్లి, రామచంద్రాపురం మీదుగా పటాన్‌చెరు చేరేసరికి ఎనిమిదింపావయింది. రాత్రంతా వాన కురిసి అప్పుడే తెరిపిచ్చింది. అక్కడినుంచి ఇస్నాపూర్ దాకా షేర్ ఆటో. ముందు సీట్లో డ్రైవరు పక్కన సగం బయటికి వేలాడుతూ కూర్చున్నాను. గాలి ఒకవైపు నుంచి వీచినప్పుడల్లా గొంతులో మందుబిళ్ళ కరిగినట్టు చేదు తగులుతోంది. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంటే డ్రైవరు నవ్వాడు.

"గడ్డపోతారం మందుల కంపెనీల దిక్కు గాలి సార్. కొత్తోళ్ళకు గట్లనే ఉంటది. మేం రోజు పీలుస్తం, మాకు తెల్వది."

ఇస్నాపూర్ చౌరస్తాలో దిగి, పక్కనే రేకుల హోటల్లో జొన్న రొట్టె, పచ్చిపులుసు తిన్నాను. పన్నెండు రూపాయలు. రొట్టెలు చేస్తున్నావిడను ప్రకటనలో రాసిన డ్రమ్ముల ఫ్యాక్టరీ షెడ్డు ఎక్కడని అడిగితే, చేతిలో పిండి ముద్ద అలాగే పట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"ఇమానం కాడికా? చిట్కుల్ తొవ్వల రెండో గేటు. సత్తయ్య ఉంటడు. పొద్దుగాల బువ్వ తినుడు మర్సిపోతడేమో గని దాన్ని మరువడు. అమాసొచ్చిందంటె పక్కనున్న మా కొట్టుకొచ్చి దొడ్డుప్పు కొంటడు, దానికోసమే."

విమానానికి కల్లుప్పు ఏమిటో నాకు అర్థం కాలేదు. ఏదో పూజ అయి ఉంటుందనుకుని డబ్బులిచ్చి లేచాను.

షెడ్డు తలుపు తీసిన మనిషే సత్తయ్య. నా ఈడువాడే. ఖాకీ చొక్కా, భుజం మీద మెత్తటి బనియన్ గుడ్డ. అతని వెనకాల మసక వెలుతురులో విమానం కనిపించేసరికి నా కాళ్ళు ఆగిపోయాయి. రెండు రెక్కలూ ఊడదీసి గోడకు ఆనించి, కింద గోనెసంచులు పరిచారు. నడుం భాగం మాత్రం మూడు చక్రాల మీద నిలబడి ఉంది. తెల్లరంగు మీద నీలం చార. ఎక్కడా దుమ్ము లేదు. ముక్కు మీద పసుపు, కుంకుమ. చక్రాల ముందు నిమ్మకాయలు. ఇంత శుభ్రంగా చూసుకున్న పాత విమానాన్ని నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

సత్తయ్యది చిట్కుల్. షెడ్డు ఉన్న ఎకరన్నర ఒకప్పుడు వాళ్ళ నాన్నదేనట. జోగిపేట ధాన్యం వ్యాపారుల ఇంటి అబ్బాయి దాన్ని కొని, ఇనుప డ్రమ్ములు చేసే ఫ్యాక్టరీ పెట్టి, సత్తయ్యను డ్రైవరుగా పెట్టుకున్నాడు. ఆయన్ను సత్తయ్య "సారు" అనే అన్నాడు తప్ప పేరు చెప్పలేదు. సారుకు ఎగరాలన్న పిచ్చి. విమానం కొని, ఏడేళ్ళు సిటీ ఎయిర్‌పోర్టులో ఉంచి నడిపాడు. నేను వెళ్ళేనాటికి నాలుగేళ్ళ కిందట గుండెపోటుతో నిద్రలోనే పోయాడు. విమానం నిలిపే హ్యాంగరు కిరాయి కట్టలేక ఇంటివాళ్ళు విమానాన్ని లారీలో ఇక్కడికి తెప్పించారు.

"సారు నన్ను ఒక్కపారి పైకి తీస్కపోయిండు సార్" అన్నాడు సత్తయ్య. "మా ఊరి మీదికెల్లి తిప్పిండు. నాయిన అమ్మిన భూమి పైకెల్లి సూస్తె ఇంత జాగనే. నేను సూస్కుంట ఏడిస్తె, సారు ఏమనలే. ఇంకో సుట్టు తిప్పిండు."

తొమ్మిదిన్నరకు పని మొదలుపెట్టాను. పాత విమానం కొనేవాళ్ళు మొదట దాని చరిత్రంతా రాసి ఉంచే లాగ్ బుక్కులు చూడాలని పుస్తకాల్లో రాసి ఉంటుంది. నేనూ అదే చేశాను. స్టూలు మీద కూర్చుని ప్రతి పేజీ చదివాను. ఇంజను సగం ఆయుష్షు మిగిలి ఉంది. సారు ఉన్నన్నాళ్ళూ ప్రతి ఏటా తనిఖీ, ప్రతి పేజీకి ఇంజనీరు సంతకం. ఎక్కడా దెబ్బ తిన్నట్టు లేదు. పదకొండున్నరయ్యేసరికి నాకు లోపల పండగలా ఉంది. మనసులో అప్పటికే రెక్కలు బిగించేసి, మంజీర మీదుగా జోగిపేట దాకా వెళ్ళివస్తున్నాను.

ఇక మిగిలింది సీటు కింద చూడటం. ఆ రకం విమానాల్లో రెండు రెక్కల బరువునూ మోసే అల్యూమినియం దూలం సీటు కిందుగా అడ్డంగా వెళుతుంది. అది విరిగితే ఇంకేమీ మిగలదు. సీటు పైకెత్తి టార్చి వేశాను. దూలాన్ని ఆనుకుని ఎర్రబట్ట మూట ఒకటి, తడితో నల్లబడి ఉంది. దాని చుట్టూ, కిందా, తెల్లటి పొడి. సున్నమేమో అనుకుని స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా గీశాను. లోహం ఉల్లిపొరలా లేచి వచ్చింది. ఇంకొంచెం నొక్కితే మొన లోపలికి దిగిపోయింది.

"సత్తయ్యా, ఇదేంది?"

"ఉప్పు మూట సార్. దిష్టి తాకకుంట." అతని గొంతులో ఏ దాపరికమూ లేదు. "సారు కొన్న కాడికెల్లి పెడుతున్న. నెలనెల అమాసకు మారుస్త. అప్పట్ల ఇంజనీరు సూస్తె తిడ్తడని సెకింగ్ కు ముందుగాల తీసి, ఆయన పోయినంక మల్ల పెడ్తుంటి. సారుకు తెల్సు, నవ్వుతుండె. ఈడికొచ్చినంక సెకింగే లేదు గద, ఇగ మార్సుడే గని తీసుడు లేదు. వచ్చినోళ్ళందరు సూసుడే గద, దిష్టి ఎక్కువయితదని జెర పెద్దగ కట్టిన."

వానాకాలంలో ఉప్పు తేమను పీల్చుకుని కారుతుంది. ఉప్పునీళ్ళు అల్యూమినియాన్ని తింటాయి. ఇది నేను ఏటా పిల్లలకు చెప్పే పాఠమే. నాలుగు వానాకాలాలుగా ఏదో ఒక మూట అక్కడ కారుతూనే ఉంది. ఆ దూలం మార్చాలంటే విమానం మొత్తం విప్పి మళ్ళీ కట్టాలి. దాని ఖర్చు విమానం ధరను మించిపోతుంది. నేను సీటు అంచు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. నా రెండేళ్ళు అక్కడితో అయిపోయాయని అర్థమైంది.

పన్నెండుకు సారు భార్య సులోచనమ్మ వచ్చింది. జోగిపేట నుంచి బస్సులో వచ్చి, చెప్పులు గేటు దగ్గరే విడిచి, ముందు విమానానికి దండం పెట్టుకుంది. "ఎట్లుంది సార్? సోమవారం నాడు ఇంకొకాయన బయానా ఇస్తనంటుండు. ఆయన సూసుడు గిట్ల ఏం వద్దన్నడు. కని మా ఆయన లెక్క పుస్తకాలు సదివినోళ్ళకు ఇయ్యాలని నాకుండె" అంది.

నాకు నచ్చలేదని చెప్పి లేచిపోవచ్చు. అలా చేస్తే సత్తయ్య జోలికి ఎవరూ రారు. కాని సోమవారం మనిషి అందులో కూర్చుని ఎగురుతాడు. సత్తయ్య మొహం చూడకుండా, ఆమెకు అంతా చెప్పాను. ఇది ఇక ఎగరదనీ, ఎవరికీ ఎగరడానికి అమ్మవద్దనీ, ఇంజను మాత్రం విడిగా అమ్ముకోవచ్చనీ చెప్పాను.

ఆమె సీటు కిందికి వంగి చూసింది. తర్వాత, "ఆ మొదటి మూట కట్టిచ్చింది నేనే సార్" అంది. "ఆయన పైకి పోతె నాకు బయమయితుండె. సత్తయ్యకు నేనే జెప్పిన."

సత్తయ్య రెండు చేతులతో ఆ మూటను బయటికి తీశాడు. తడి అతని చొక్కా మీద కారుతోంది. దాన్ని కింద పెట్టలేదు. నన్నే చూస్తూ అడిగాడు.

"సారు ఎగిరినప్పుడు గూడ గిట్లనే ఉండెనా? సారును నేను దాంట్లనే కూసోబెట్టి పంపిన్నా?"

నేను లాగ్ బుక్కు తెచ్చాను. చివరి తనిఖీ పేజీ తీసి, సారు పోవడానికి నెలన్నర ముందు ఇంజనీరు రాసిన వాక్యాన్ని తెలుగులో చదివి వినిపించాను: సీట్ల కింద దూలం చూడబడినది, తుప్పు లేదు, ఎగరడానికి యోగ్యం. సత్తయ్య మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. మూడోసారి అడిగింది సులోచనమ్మ.

రెండింటికి బయలుదేరాను. చౌరస్తా దాకా సత్తయ్య సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. బస్సు వచ్చినప్పుడు, "గా పేజీ నాకిమ్మని అమ్మనడుగుత సార్" అన్నాడు.

నేను విమానం కొనలేదు. రెండేళ్ళ తర్వాత డాక్టరు చెప్పినట్టే సంతకం పెట్టలేదు. ఆ బాధ పోయిందని అబద్ధం చెప్పను. ఇప్పటికీ మేడ మీద బట్టలు ఆరేస్తూ చిన్న ఇంజను మోత వినిపిస్తే తల ఎత్తుతాను. కాని ఆ విమానం గుర్తొస్తే నాకు పాడైన దూలం కంటే ముందు దుమ్ములేని తెల్లరంగు గుర్తొస్తుంది. నిర్లక్ష్యం వల్ల పాడైన యంత్రాలను చాలా చూశాను. వాటిమీద కోపం తెచ్చుకోవడం తేలిక. దీనిమీద ఎవరిని కోప్పడాలో నాకు తెలియలేదు.

మీరు వెళితే టార్చి, చేతి అద్దం, మొద్దు స్క్రూడ్రైవరు తీసుకెళ్ళండి. లాగ్ బుక్కు తెరవకముందే సీటు ఎత్తండి. అంతకంటే ముందు, దాన్ని రోజూ తుడిచే మనిషి పక్కన కూర్చుని, దానికోసం ఏమేం చేస్తున్నావని నెమ్మదిగా అడగండి. నేను పుస్తకాలు చదవడానికి రెండు గంటలు తీసుకున్నాను. ఆ ఒక్కమాట అడిగి ఉంటే, సత్తయ్య తానే సంతోషంగా మూట తీసి చూపించేవాడు.