అన్నం తిన్నాకే ప్రకటన

గోపీనాథ్‌కు ఒక్కటే పిచ్చి. క్లయింటు అన్నం తిన్నాడో లేదో తెలుసుకోనిదే ప్రకటన వెయ్యడు.

హోసూరు బస్టాండు వెనక హేమావతి నడిపే ఏజెన్సీలో అతనికి ఉద్యోగం. నెట్‌లో జనం ఏదైనా వెతికితే క్లయింటు ప్రకటన పైన కనబడేలా చూడాలి. ఎవరు నొక్కినా ఖర్చు క్లయింటుదే. "నొక్కినోడు ఫోన్ చేస్తే ఎత్తే దిక్కు లేకపోతే ఎట్లమ్మా?" అనేవాడు. అందుకని పొద్దున్నుంచీ క్లయింట్లకు ఫోన్లే.

"అన్నా, యాడుండావు?"

"క్షవరానికి కూర్చోనుండాను."

"అట్లయితే అర్ధగంట ఆపేస్తా."

ఒకాయన తలంటుకునే శనివారం, ఇంకొకాయన మధ్యాహ్నపు కునుకు, మరొకాయన అత్తగారు ఊరినుంచి దిగే రోజు, అన్నీ కంఠతా వచ్చు. వాళ్ల భార్యలకు కూడా ఇంత తెలియదని హేమావతి నవ్వుకునేది. ఆ నవ్వు రెండువేల ఎనిమిది మార్చి వరకే.

ఆ నెల ఒక సాయంత్రం బేరిగై అచ్చెన్న ఊడిపడ్డాడు. బెంగళూరు పెళ్లిళ్లకు రోజాపూల అలంకరణ చేసే ఆయనే ఏజెన్సీకి పెద్ద దిక్కు.

"ఏమమ్మా, పది దినాలుగా రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా ఒక్క ఫోనూ రాలేదు! ఈ పొద్దుతో మీకూ నాకూ సరి."

ఈయన పోతే ఏజెన్సీకి తాళమే. హేమావతి కంప్యూటరులో చూస్తే, రోజూ ఆ రెండు గంటలూ ప్రకటన ఆపింది గోపీనాథే.

"రెండు గంటలు ఎవరు తింటారప్పా?" అని అరిచింది.

గోపీనాథ్ తొణకలేదు. "తినేదానికి కాదమ్మా. వాళ్లింట్లో ఫోనుండేదీ, ఈయన కూతురు భువన పాప చదువుకునేదీ ఒకే గదిలో. నేను ఫోన్ చేసినప్పుడంతా వెనకాల పాఠం వినిపిస్తుంది. ఈయన 'హలో' అన్నాడంటే పాప నోరు మూతపడుతుంది. అన్నా, పెళ్లిళ్లు ఏడాదంతా ఉంటాయి. పదో క్లాసు పరీక్ష ఒక్కసారే కదన్నా?"

"నాకెందుకు చెప్పలేదు?" అని గద్దించాడు అచ్చెన్న.

"చెప్పుంటే ఒప్పుకుందువా?"

అచ్చెన్న మీసం సవరించుకున్నాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతు తగ్గించి, "అయితే... పాప బాగా చదువుతా ఉందా?" అని అడిగాడు.

"సైన్సు గడగడా చెప్పేస్తుందన్నా. చరిత్రలో తేదీల కాడే తడబడతా ఉంది. నువ్వు పుస్తకం పట్టుకోని ప్రశ్నలడిగితే వచ్చేస్తుంది."

అచ్చెన్న గోడ గడియారం చూసి దిగ్గున లేచాడు. "పరీక్షలయ్యేదాకా ఆపే ఉంచప్పా!" అంటూ, ఏడింటికల్లా ఇల్లు చేరాలని బేరిగై బస్సుకు పరుగు తీశాడు.