భద్రు తాత నాలుక

భద్రు తాత ఏ పచ్చిమేతనైనా ముందు తాను నమిలి చూడందే గేదె నోటికి అందనివ్వడు. కళ్లు మూసుకుని, దవడలు అటూ ఇటూ ఆడిస్తూ నములుతుంటే పక్కనున్న గేదెకూ ఆయనకూ పెద్ద తేడా కనిపించదు. కాకపోతే గేదె తిని ఊరుకుంటుంది, ఈయన తీర్పు చెబుతాడు. ఆ తీర్పు తప్పని ఇన్నేళ్లలో ఒక్కసారీ ఒప్పుకోలేదు.

నేను నేరేడుచర్ల పశువుల దవాఖానలో కాంపౌండర్ని. మొదటిసారి టీకాలు వేయడానికి తండాకు వెళ్తే, మంచినీళ్ల కంటే ముందు అలసంద ఆకు చేతిలో పెట్టాడు.

"జర నమిలి సూడు సరితమ్మా."

"నేను బర్రెనా తాతా?"

"బర్లకు మందిస్తవ్ గదా, అవి ఏం తింటున్నయో ఎరుక ఉండొద్దా?"

నమిలాను. ఎట్లున్నదని అడిగితే ఆకులెక్క ఉన్నదన్నాను. నా చదువు మీద జాలిపడి వెళ్లిపోయాడు.

మనవడి పెళ్లికి మిర్యాలగూడ ఫంక్షన్ హాలుకు వెళ్లి, స్టేజీకి కట్టిన ఆకు ఒకటి తుంచి నోట్లో వేసుకున్నాడు. అది ప్లాస్టిక్‌ది. ఊసేశాడా అంటే లేదు. ఆసాంతం నమిలి, "పీచు ఎక్వ, పస తక్వ" అని పెళ్లివారికి చెప్పి వచ్చాడు.

పోయిన యాసంగిలో బోరు పక్కన మూడు మడులు చేసి పొడుగు అలసంద, పొట్టి అలసంద, పిల్లిపెసర వేశాడు. ఏది ఎక్కువ మేతనిస్తుందో, ఏది తింటే పాలు పెరుగుతాయో తేల్చాలట. మేత తూకానికి కాంటా తెచ్చాడు. పాల లెక్కకు ఇంట్లోనే మూడు గేదెలున్నాయి కదా అంటే తల అడ్డంగా ఊపాడు.

"నా బర్లు నాకు మొహమాటపడతయ్ బిడ్డా. ఏదేసినా మంచిగున్నట్టే తింటయ్. బయటి బర్రె గావాలె."

అలా వెతికి వెతికి ఊళ్లో ఐలమ్మ గేదెను పట్టాడు. ఐలమ్మ ఒంటరి మనిషి. గుంట భూమి లేదు, ఉన్నదల్లా ఆ గేదె. వట్టి వరిగడ్డి తిని అది పూటకు లీటరు కూడా ఇవ్వడంలేదు. వచ్చే అంగడిలో అమ్మేస్తానని ఆమె కళ్లు తుడుచుకుంటూ చెప్పినప్పుడు మేమిద్దరం అక్కడే ఉన్నాం. ఎవరైనా గడ్డిమోపు ఇస్తామంటే తీసుకునే మనిషి కాదామె.

"ఐలమ్మా, పరీక్ష అయ్యేదాంక బర్రెను అమ్మకు. నా నాలుక తర్వాత నిఖార్సయిన నాలుక దానిదే."

"సరే భద్రన్నా. గని ఉత్తగ తీసుకోను. రోజూ పాలు కొలిసి లెక్క చెప్త."

మేత కోతకు వచ్చాక ఒక్కో రకం పదిరోజులు. రోజూ తాత మోపు తెచ్చేవాడు, ముందు తాను నమిలేవాడు, తర్వాత గేదెకు వేసేవాడు. తూకంలో పొడుగు అలసందే మొదటిది, కానీ కాడలన్నీ గేదె ముందే మిగిలాయి. పొట్టిది నయం. పిల్లిపెసర వేసిన పదిరోజుల్లో పాలు పూటకు రెండు లీటర్లు దాటాయి. ఇక తేలడానికి ఏముంది?

తీర్పు రోజున తండా అంతా చేరింది. తాత మూడు రకాలూ వరుసగా నమిలాడు. ఐలమ్మ వైపు చూశాడు. మళ్లీ నమిలాడు.

"తేలలే" అన్నాడు.

"అదేంది తాతా? పాలు నేనే దగ్గరుండి కొలిపించిన!" అన్నాను.

"మొన్న చాయ్ తాగితే నాలుక కాలింది బిడ్డా. మొద్దువారింది. ఇంకో పంట ఎయ్యాలె. ఐలమ్మా, బర్రెను మాత్రం అమ్మొద్దు."

"తాత నాలుక ఖతం!" అని తండా కుర్రాడు బాల్యా అరిచాడు. అందరూ పగలబడి నవ్వారు. తాత తలవంచుకుని ఆ నవ్వులన్నీ పడ్డాడు. పరీక్ష ముగిస్తే మేత ఆగుతుంది, మేత ఆగితే గేదె అంగడికి పోతుంది. అది అర్థమయ్యాక నాకు ఆ ముసలాయన మీద పట్టలేనంత ప్రేమ పుట్టింది.

మర్నాడు ఐలమ్మ లోటాతో పాలు తెచ్చింది.

"భద్రన్నా, జర తాగి సూడు. ఏ మేత పాలో చెప్పు."

తాత ఒక్క గుక్కలో తాగేసి, కళ్లు మూసుకుని, "పిల్లిపెసర!" అనేశాడు. వెంటనే నాలుక కరుచుకున్నాడు.

ఐలమ్మ నవ్వలేదు. ఖాళీ లోటా చేతిలోకి తీసుకుంది.

"ఇంకా మొద్దుగనే ఉన్నట్టుంది అన్నా. నయమయ్యేదాంక రోజూ ఓ లోట తెస్త."