మగ్గంతో కట్టిన మడి

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దాని బరువు ఇంట్లో ఎవరికీ తెలియదు. మీరు నాకు తెలియని మనిషి కాబట్టే మీతో చెప్పే ధైర్యం వచ్చింది. ఇక కడుపులో పెట్టుకుని తిరగలేను.

మాది పట్నంలో చింతాద్రిపేట. తరాలుగా నేతపని చేసిన ఇల్లు, ఇప్పుడు ఎవరూ నేయడం లేదు. ముందుగదిలో మా అత్తగారి మగ్గం మాత్రం ఉండేది. ఏటా ఆయుధపూజకు ఆవిడ దాన్ని ఆముదంతో తుడిచి, కాళ్ళకు పసుపు రాసేది. మిగతా రోజుల్లో నేను దాని మీద తడిబట్టలు ఆరేసేదాన్ని.

ఆ ఏడు పండగకు ముందే ఆవిడ మోకాళ్ళ వైద్యానికని నగరిలో చెల్లెలి దగ్గరకు వెళ్ళి నెల్లాళ్ళు ఉండిపోయింది. అప్పుడే నాకు మిద్దెతోట పిచ్చి పట్టింది. చెక్కలతో ఎత్తుగా పెట్టె కట్టి, మన్ను నింపి, అందులో కూరలు పెంచే వీడియోలు చూసేదాన్ని. వంట చేస్తున్నా, బస్సులో ఊగుతున్నా నాకు కనిపించేది ఆ పచ్చదనమే. తెల్లవారుజామున మిద్దె మీద నిలబడితే పక్కనే పారే కూవం మురుగునీటి కంపు కూడా తెలిసేది కాదు. లేని మొక్కల మధ్య నడిచేదాన్ని, చెయ్యి చాచి లేని ఆకులను తాకేదాన్ని. అంత హాయిగా నేనెప్పుడైనా ఉన్నానా? ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు తేలికవుతుంది. ఆ వెంటనే సిగ్గేస్తుంది.

చెక్క కావాలి. ఇంట్లో టేకు ఉంది.

ఒక మధ్యాహ్నం రంపం పట్టుకున్నాను. మగ్గం కాళ్ళు నాలుగూ మడికి నాలుగు మూలలయ్యాయి. అడ్డకర్రలు, ఆవిడ కూర్చునే పలక పక్కలకు వెళ్ళాయి. చాలనిచోట పాత తలుపు చెక్క వేశాను. ఆవిడ కూర్చుని కూర్చుని ఆ పలక మధ్యలో పల్లం పడింది. అక్కడికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. ఫోను పక్కనే ఉంది. ఒక్క మాట అడగొచ్చు. అడిగితే వద్దంటుందని తెలుసు, అందుకే అడగలేదు. తెలియక చేశానని నాకు నేను ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నా, ఆ ఆగిన చెయ్యి ఒప్పుకోదు.

ఎర్రమన్ను, కొబ్బరిపీచు నింపి తోటకూర విత్తనాలు చల్లాను. మొలకలు వచ్చిన రోజు పొద్దంతా అక్కడే కూర్చున్నాను.

అత్తగారు నగరి నుంచి తెల్లనూలు మూటతో దిగింది. ఖాళీ గది చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మగ్గం యాడమ్మా?"

"చెద పట్టింది అత్తా. ఇల్లంతా పాకతాదని తీసి పారేసినా."

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. మా ఆయనకు అప్పటికే చెప్పి ఉన్నాను, నోరు అలవాటు పడిపోయింది.

ఆవిడ గోడ పట్టుకుని కూర్చుంది. "నా తప్పేలే. ఈ తూరి ఆముదం పుయ్యకుండా పోతిని. చెద రాక ఏం జేస్తాది." కాసేపు నూలు వైపు చూసింది. "నేను పోతే నా మీద కప్పే గుడ్డ నేనే నేసుకుందామనుకుంటి. సెరి, పోనీ. నువ్వేం జేస్తావు."

మా ఆయన కొత్త మగ్గం తెప్పిస్తానన్నాడు. "ఉన్నదాన్ని చూసుకోలేనిదానికి ఇంకోటెందుకురా" అంది. అప్పుడైనా నేను నోరు విప్పి ఉంటే తిట్టేది, ఏడ్చేది, తర్వాత కొత్త మగ్గం మీద కూర్చునేది. ఆవిడను ఆపింది నా అబద్ధమే. ఎందుకు చెప్పలేదు? మంచి కోడలు అన్న పేరు పోతుందనా? అంతేనేమో. అంత చిన్న కారణమే.

మా ఆయన మిద్దె మీదికి వచ్చే మనిషి కాదు. మోకాళ్ళ వల్ల ఆవిడ ఎక్కలేకపోయేది. ఆ నొప్పికి లోలోపల దండం పెట్టుకున్నానంటే నమ్ముతారా? నా తోటకూర మెత్తగా ఉందని మెచ్చుకుంటూ తినేది. తేలు కుట్టిన దొంగలా నేను వడ్డించేదాన్ని.

పోయిన ఏడాది ఆవిడ పోయింది. కొట్లో కొన్న గుడ్డే కప్పాం. దాని మడతలు ఎంతకీ పోలేదు. అరచేత్తో సర్దుతూనే ఉన్నాను. కోడలికి ఎంత ప్రేమో అన్నారు చుట్టాలు. ప్రేమ లేదని కాదు. ఉంది.

మా ఆయనకు ఇంకా చెప్పలేదు, చెబుతానో లేదో తెలియదు. క్షమించమని ఎవరినీ అడగడం లేదు. క్షమించాల్సిన మనిషి లేదు. ఆవిడకు చెప్పాల్సిన మాట ఒక్కసారైనా పైకి అనాలి, అంతే.

మగ్గానికి చెద పట్టలేదు అత్తా. అందులో నీ తప్పేమీ లేదు. కోసింది నేను.