మరదలు పిలిస్తే వెళ్లిన సకినాల ఇల్లు: కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి

ఎల్లారెడ్డి నేను పుట్టి పెరిగిన ఊరు. అయినా ఈసారి నన్ను అక్కడికి పిలిచింది ఆ ఊరి మనిషి కాదు, మా తమ్ముడు దానియేలు భార్య జోసలిన్. ఆమెది ఫిలిప్పీన్స్ దేశం. కువైట్‌లో ఇద్దరూ ఒకే చర్చికి వెళ్తూ పరిచయమై పెళ్లి చేసుకున్నారు. చాలా ఏళ్లు అక్కడే ఉండి, రెండున్నరేళ్ల కింద ఇద్దరు పిల్లలతో మా పాత ఇంటికి వచ్చేశారు. తమ్ముడికి అది సొంతూరికి తిరిగి రావడమే. జోసలిన్‌కూ, కువైట్‌లో పుట్టిన ఆ పిల్లలకూ మాత్రం అది పరాయి దేశం.

గురువారం సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. "వదినా, శనివారం రా. రాజమణి అక్క ఇంట్ల సకినాలు. మౌనిక పెండ్లికి."

రాజమణి మా పక్కింటి పిల్ల. నా ఈడుది. అన్నదమ్ములు లేకపోవడంతో ఇల్లరికపు పెళ్లి చేశారు కాబట్టి ఆమె ఆ ఇంట్లోనే ఉండిపోయింది, నేను కామారెడ్డికి కాపురానికి వచ్చాను. చిన్నప్పుడు మా ఇద్దరికీ ఒకే దువ్వెన. అలాంటి రాజమణి బిడ్డ మౌనికకు పెళ్లి కుదిరిన సంగతి నాకు మరదలు చెప్తే తెలిసింది. మా వైపు పెళ్లి సారెలోకి బియ్యప్పిండిని వేళ్లతో చుట్టలుగా తిప్పి సకినాలు చేసే రోజు వాడలోని ఆడవాళ్లను ఇంటింటికీ వెళ్లి పిలుస్తారు. ఆ పిలుపు అందినవాళ్లు ఆ ఇంటి మనుషుల కింద లెక్క. పెళ్లికాక ముందు ఆ వాడలో నా అంత సన్నగా సకినం చుట్టేవాళ్లు లేరు. ఇప్పుడు పిలుపు జోసలిన్‌కు వెళ్లింది, నాకు ఆమె చేతి మీదుగా వచ్చింది. ఫోన్ పెట్టేశాక ప్రార్థనకు మోకరించాను కానీ మనసు నిలవలేదు. వెళ్లకూడదు అనుకున్నాను. వెళ్లకపోతే నేను లేని సంగతి కూడా ఎవరూ గమనించరేమో అనిపించి, వెళ్లడానికే నిర్ణయించుకున్నాను.

శనివారం పొద్దున ఏడింటికి ఇంటి నుంచి బయలుదేరాను. మా కాలనీ నుంచి కామారెడ్డి బస్టాండుకు షేర్ ఆటోలో ఇరవై రూపాయలు. ఎల్లారెడ్డి బస్సు తాడ్వాయి, లింగంపేట మీదుగా వెళ్తుంది. దారి బాగుంటే గంటంబావు, మధ్యలో ఎక్కేవాళ్లు ఎక్కువైతే గంటన్నర. ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేవు, ఆధార్ చూపిస్తే జీరో టికెట్టు ఇస్తారు. నేను ఫోన్‌లో ఉన్న ఫొటో చూపించబోతే కండక్టరు తల అడ్డంగా ఊపింది. "ఫొటో నడ్వదమ్మా, కార్డు తియ్యి. రోజు గిదే లొల్లి నాకు." సంచి అడుగు నుంచి కార్డు తీసేసరికి వెనక ఉన్నవాళ్లంతా నన్నే చూస్తున్నారు.

తాడ్వాయి దాటాక పక్క సీట్లోకి ఒకామె వచ్చింది, ఒళ్లో నాలుగేళ్ల పిల్లవాడు. వాడి జుట్టు ఎంతో నీటుగా కత్తిరించి ఉంది. మాట కలపాలని, "కటింగ్ మంచిగా చేయించావమ్మా" అన్నాను.

"మా గల్లీలనే ఒకామె చేస్తదక్కా. బయటి దేశమామె. పైసల్ తీస్కోది. ఐతారం నాడు ప్రార్థన అయినంక అరుగు మీద కూసోపెట్టి పాట పాడుకుంట కొడ్తది. మా వోడు మంగలి కాడ ఊరంత మొత్తుకుంటడు, ఆమె కాడ సప్పుడు చెయ్యడు."

"ఎవరింటి ఆమె?" అని అడిగాను, తెలియనట్టు.

"గా ఫ్రిజ్జులు బాగుచేసే దానియేలు లేడా, ఆయన పెండ్లాం. ఆయనకు కామారెడ్డిల ఒక అక్క ఉన్నదంట. మేమైతే ఎన్నడు చూడలే."

నేను కిటికీ వైపు తిరిగాను. ఆ అక్కను నేనే అని చెప్పడానికి నోరు రాలేదు. లింగంపేటలో బస్సు కాసేపు ఆగితే దిగి, పది రూపాయల టీ తాగి, ఎక్కేటప్పుడు కావాలని వెనక సీట్లో కూర్చున్నాను. ఈ దారిలో పోచారం చెరువు, నిజాంసాగర్ చూడటానికి వెళ్లే కుటుంబాలు చాలా ఉంటాయి. వాళ్లు కిటికీ పక్క సీట్లకోసం తొందరపడతారు. నాకు ఆ రోజు బయట ఏముందో సరిగా కనబడనేలేదు.

ఎల్లారెడ్డి బస్టాండు నుంచి మా వాడకు నడిచే దూరమే. తమ్ముడి ఇంటి ముందు మేనకోడలు, మేనల్లుడు వాడ పిల్లలతో గోలీలాడుతున్నారు. "అత్తమ్మ అచ్చింది" అని అచ్చం ఎల్లారెడ్డి పిల్లల్లా అరుస్తూ వచ్చి కాళ్లకు చుట్టుకున్నారు. మా తమ్ముడు దుకాణానికి వెళ్తూ నవ్వాడు. "తొందరగ పో అక్కా, పొద్దటి సంది రాజమణక్క మూడుసార్లు కేకేసింది." నన్నా అని అడగబోయి ఆగాను. కేకేసింది జోసలిన్‌ను.

వీళ్లు వచ్చిన కొత్తలో నేను ఎంత భయపడ్డానో తమ్ముడికి తెలుసు. క్రైస్తవుల ఇల్లు, పైగా పరాయి దేశపు కోడలు, వాడవాళ్లు దూరం పెడతారని అనుకున్నాను. వారం తిరక్కముందే జోసలిన్ గోడ మీదుగా తొంగిచూసి, రాజమణి మునగచెట్టు చూపించి ఆకు అడిగిందట. వాళ్ల దేశంలో మునగాకు రోజూ వండుకునే కూరట. "కాయలు అడుగుతరు గని ఆకు అడిగినోళ్లను నిన్నే చూస్తున్న" అని రాజమణి నవ్వి ఒక కొమ్మే విరిచి ఇచ్చిందట. కోడిమాంసంతో ఆ ఆకు వేసి చేసిన పులుసు ఒక గిన్నెడు ఇటు నుంచి అటు వెళ్లింది. అట్లా మొదలైంది. క్రిస్మస్‌కు జోసలిన్ వెదురు బద్దలు, రంగు కాగితాలు పెట్టి నక్షత్రం చేస్తుంటే వాడ పిల్లలంతా చుట్టూ చేరి తలా ఒకటి చేసుకున్నారు. ఆ రాత్రి వాడలో ప్రతి ఇంటికీ నక్షత్రం వేలాడింది. కామారెడ్డిలో ఇరవై రెండేళ్లుగా మా కాలనీలో నేను ఒక్కదాన్నే నక్షత్రం కడుతున్నాను. పది ఇళ్లకు కేకు పంచుతాను, గేటు దగ్గరే తీసుకుని మంచిదమ్మా అంటారు. అంతే.

రాజమణి ఇంట్లోకి వెళ్లేసరికి తడిపిండి, నువ్వులు, వాము కలిపిన వాసన గడపలోనే తగిలింది. నన్ను చూసి రాజమణి చేతులు పిండితోనే లేచి వచ్చింది. "అయ్యో, రా సుగుణక్కా, ఎన్నొద్దులకు." నేనూ ఆమె ఒకే ఈడువాళ్లం. అక్కా అని ఎప్పటి నుంచి అంటుందో గుర్తు తెచ్చుకోలేకపోయాను. మొదట పిండితో గౌరమ్మను చేసి, పసుపుకుంకుమ పెట్టి, ఆ తర్వాతే సకినాలు మొదలుపెడతారు. ఆ కాసేపు క్రైస్తవులం మేం బయటికి వచ్చేస్తాం, అది నా చిన్నప్పటి నుంచి ఉన్నదే. ఈసారి నా పక్కన జోసలిన్ కూడా వచ్చి మునగచెట్టు కింద నిలబడింది. ఆమె కళ్లు మూసుకుని మౌనికకోసం తన భాషలో మెల్లగా ప్రార్థన చేసుకుంది. ఇంతలో లోపలి నుంచి కేక. "అయిపోయింది రా జోసమ్మా, పిండి ఆరిపోతుంది." ఒకప్పుడు అదే కిటికీలోంచి, అదే మాట, నా పేరుతో వినబడేది.

లోపల నేల మీద తెల్ల పంచెలు పరిచి ఆరేడుగురు ఆడవాళ్లు వరుసగా కూర్చున్నారు. నేను చెప్పులు విడిచి కూర్చోబోతుంటే రాజమణి మౌనికను తరిమింది. "పెద్దమ్మకు కుర్చీ తే." ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. టీ వచ్చింది, పూల కప్పులో. అందరికీ స్టీలు గ్లాసులే. "మోకాళ్లు నొస్తయి, పైన కూసోక్కా. నువ్వు ఊకె మమ్ములను చూస్తుండు." నా మోకాళ్లు నొప్పులని నేను ఎవరికీ చెప్పలేదు.

పక్కనే జోసలిన్‌కు రాజమణి అక్షింతలు వేస్తోంది.

"ఏందే గది, సకినమా, పామా?"

"పిండి పలుచనైంది అక్కా."

"పలుచనైతే పిండి కలిపినదాన్ని తిట్టు. కలిపింది ఎవరు?"

"నేనే."

"అయితే నిన్ను నువ్వే తిట్టుకో. బొటనవేలు గట్ల కాదు, గిట్ల తిప్పాలె. రెండేండ్లాయె, నీ వేళ్లకు బుద్ధి రాలే."

అందరూ నవ్వారు, అందరికంటే ఎక్కువ జోసలిన్ నవ్వింది. ఎవరైనా నన్ను కూడా అట్లా ఒక మాట అంటే బాగుండునని కుర్చీలో కూర్చుని ఎదురుచూశాను.

చివరికి ఉండబట్టలేక కిందికి దిగి కూర్చున్నాను. సారె బుట్టలో పైన కనబడేలా పెట్టే పెద్ద సకినాలు ఇంకా మొదలుపెట్టలేదు. అవి చుట్ల మీద చుట్లు వేసి, తెగకుండా ఒకే పట్టున చుట్టాలి. పిండి తీసుకున్నాను. చెయ్యి మర్చిపోలేదు. దారం వడికినట్టు సన్నగా వచ్చింది. అందరూ తమ పని ఆపి చూశారు. "చూడుండ్రి, గట్లుండాలె" అంది రాజమణి. నేను తలవంచుకుని దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ స్తోత్రం చెప్తూ ఓరకంట జోసలిన్ వైపు చూశాను.

ఆమె కూడా ఒక పెద్దది చుట్టింది. ఒక పక్క లావు, ఒక పక్క సన్నం, మధ్యలో రెండు అతుకులు. మౌనిక వచ్చి వంగి చూసి, "అమ్మా, బుట్టల పైన జోసత్తది పెట్టు. మా అత్తగారింట్ల ఎవలు చేసిన్రు అంటే చెప్త" అంది. "సరే తీ, నీ పెండ్లి నీ ఇష్టం" అంది రాజమణి. అంటే నా సకినాలు కింది వరుసలోకి వెళ్తాయి. యాభై ఏళ్ల మనిషిని, పిల్లలకు సండే స్కూలు చెప్పేదాన్ని, ఒక పిండి చుట్టకోసం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వాము ఘాటు అని కొంగుతో తుడుచుకున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నల్లా దగ్గర గిన్నెలు కడుగుతుంటే జోసలిన్ వచ్చి నా పక్కన కూర్చుంది. ఇంక ఆపుకోలేక అడిగేశాను. "వీళ్లందరినీ ఎట్లా నీవాళ్లను చేసుకున్నావు?"

"నాకు ఏం తెల్వకుండె వదినా. పిండి పట్టే గిర్ని ఎక్కడ తెల్వదు. పాలు ఎవరు పోస్తరు తెల్వదు. పిల్లలకు జరమొస్తే ఎటు పోవాలె తెల్వదు. ప్రతిదానికి ఎవరింటికో పోయి అడిగిన. సిగ్గయ్యేది. ఏడ్చేది. మళ్ల అడిగేది. ఎవరైన నన్ను ఏమైన అడిగితే, లేదు అనేదాన్ని కాదు."

మళ్లీ తనే అంది. "రాజమణి అక్క నీ ముచ్చట రోజు చెప్తది. పిలువుమంటే, సుగుణకు అన్ని ఉన్నయి, మా ఇంటి పనికి ఆమె ఎందుకొస్తది అన్నది. అందుకే నేను ఫోన్ చేసిన."

ఆ మాటతో అసూయ తగ్గాలి కదా. తగ్గలేదు. నా స్నేహితురాలు నా గురించి ఏమనుకుంటుందో కూడా ఈమె ద్వారానే తెలుసుకోవలసి వచ్చిందని ఇంకా పెరిగింది. కానీ అసూయ ఉన్నా కాళ్లు నడుస్తాయి.

సాయంత్రం తమ్ముడు వచ్చి, "బస్సు టైమయితుంది అక్కా, బస్టాండు కాడ దింపుతా, లేకుంటే మన ఇంట్ల ఉండు" అన్నాడు. రాజమణి పొయ్యి దగ్గర మొదటి వాయి నూనెలో వదులుతోంది. ఇంకా సగానికి పైగా పంచెల మీదే ఉన్నాయి. అన్నీ అయ్యేసరికి రేపు పొద్దెక్కుతుంది. నేను వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను. నా జన్మలో ఎవరి ఇంట్లోనూ చోటు అడిగినదాన్ని కాదు.

"రాజమణీ, ఈ పూట నీ ఇంట్లనే పండుకుంటనే. జాగ ఉంటదా?"

ఆమె జల్లిగంటె పట్టుకుని అట్లాగే నా ముఖం చూసింది. తమ్ముడి ఇల్లు గోడ అవతలే ఉంది, ఇదేం అడగడం అనుకుందో ఏమో. నూనెలో సకినాలు రంగు మారుతున్నాయి. నేను సంచి చేతిలోకి తీసుకున్నాను.

"జాగకేంది, బొచ్చెడున్నది" అంది చివరికి. "గని నువ్వు గురక పెడ్తవ్. చిన్నప్పుడే ఇంటిల్లిపాదిని లేపేదానివి. ఇప్పుడెట్లుందో నీ మొగన్నే అడగాలె. సంచి అవతల పడేసి ఇట్ల కూసో. వాయి మాడుతుంది, కండ్లు కనబడ్తలేవా?"

నేను పొయ్యి ముందు కూర్చున్నాను. రెండో వాయి నా చేతిలో నిజంగానే మాడింది. దానికి పొద్దుపోయేదాకా తిట్లు తిన్నాను.

ఆదివారం పొద్దున తమ్ముడి ఇంట్లో ప్రార్థనకు కూర్చున్నప్పుడు ఈ అసూయను తీసెయ్యమని దేవుణ్ణి అడిగాను. పూర్తిగా పోయిందని ఇక్కడ రాస్తే అబద్ధమవుతుంది. అరుగు మీద పిల్లలు వరుసగా కూర్చుని జోసలిన్ కత్తెరకోసం ఎదురుచూస్తుంటే మళ్లీ కలుక్కుమంది. నేను ఇన్నేళ్లూ ఇరుగుపొరుగుకు ఇవ్వడమే మంచితనం అనుకున్నాను. ఇచ్చి గేటు వేసుకున్నాను. ఏ దిక్కూ లేని దేశానికి వచ్చిన ఆమె చెయ్యి చాపి అడిగి, ఒక వాడను సంపాదించుకుంది. కామారెడ్డిలో మా పక్కింటి తలుపు తట్టి నేను ఏం అడగగలనా అని బస్సులో దారి పొడుగునా ఆలోచించాను. కనీసం కరివేపాకు అయినా అడుగుదామనుకున్నాను. మా ఇంట్లో చెట్టు ఉంది కానీ, ఆ సంగతి వాళ్లకు తెలియనవసరం లేదు.

ఎల్లారెడ్డి వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. చీకటి పడ్డాక కామారెడ్డి బస్సులు తగ్గిపోతాయి, కాబట్టి సాయంత్రం తిరిగి వచ్చేద్దామని వెళ్లినా సంచిలో ఒక మారుచీర పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు. ఆదివారం మధ్యాహ్నం రాజమణి చీర కట్టుకుని కామారెడ్డిలో దిగాను. దాన్ని ఉతికి, ఇస్త్రీ చేసి అల్మారాలో పెట్టాను. జోసలిన్ చేతికిచ్చి పంపవచ్చు. పంపలేదు. నా చీర ఏదే అని రాజమణి తనంతట తానే ఫోన్ చేసి తిడుతుందేమోనని చూస్తున్నాను.