గాలి దిగే చోట

నా చిన్నప్పుడు నల్లమబ్బు కనబడితే చాలు, నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ ఏడు శ్రావణం వచ్చేసినా మా ఊళ్ళో చినుకు లేదు. పడమట నుంచి మబ్బులు రోజూ వచ్చేవి, మా చేల మీదుగా ఒంగోలు దాటి సముద్రంలోకి పోయేవి. అసలు రాకపోతే సరిపెట్టుకోవచ్చు గానీ, వచ్చి మొహం చూసి పోయేవాటిని ఏమంటాం? మాది మిరప. నారు ఎదిగిపోయి కూర్చుంది. పదును వాన ఒక్కటి పడితే గానీ చేలో నాటలేం. ముదిరిపోయాక నాటితే కాపు కాయదు. మా ఏడాది బతుకంతా ఆ నారుమడిలోనే ఉంది.

అప్పుడు ఊళ్ళో ఆడవాళ్ళంతా వరదపాశం పోద్దామన్నారు. వాన కోసం చేసే మొక్కు అది. ఇంటింటా బియ్యం, బెల్లం పోగుచేసి, తలస్నానాలు చేసి పాయసం వండి, ఊరి బయట బండ కడిగి దానిమీద పోస్తారు. చేతులు వెనక్కి కట్టుకుని, మోకాళ్ళ మీద వంగి నాలుకతో నాకి తినాలి. మా ఆకలి ఇంతటిదని పైవాడికి చూపించడమన్నమాట. వండేటప్పుడు మాత్రం ఎంగిలి పడకూడదు. ఆ ఏడు వండింది మా అమ్మ. పిల్లలందరం నాకాం. బండ కాలి నాలుక చురుక్కుమన్నా నేను ఒక్క మెతుకు వదల్లేదు.

వాన రాలేదు. కొన్నాళ్ళు చూసి గుసగుసలు మొదలుపెట్టారు. బెల్లం సరిపోయిందో లేదోనని మా అమ్మ గరిట నాలిక్కి తగిలించుకుందట, ఎంగిలి పడిందట. హవ్వ! అన్నవాళ్ళలో ఒక్కతీ చూసింది లేదు. మా నాయనమ్మ కూడా వాళ్ళతోనే చేరింది. అన్నిటికంటే ఘోరం, మా అమ్మకే అనుమానం పట్టుకుంది. "రోజూ కూరలో ఉప్పు చూసుకునే చెయ్యే కదే, చూశానేమో" అని నాతో అనేది. తిండి మానేసింది. పొద్దున్నే నారుమడి గట్టున నిలబడి చెంపలేసుకునేది. చూసి నాకు ఏడుపొచ్చేది.

పక్కింటి అక్క పంతులమ్మ కావడానికి గుంటూరులో చదువుతోంది. సెలవులకొచ్చి, ఈ సంగతి విని, కోపంగా మా వంటింట్లోకి వచ్చింది. పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళకి పైన పళ్ళెం పట్టుకుని, అడుగున పట్టిన బొట్లు అమ్మకి చూపించింది. ఆవిరి పైకెక్కి చల్లబడితేనే బొట్టవుతుందని చెప్పింది. పడమటి సముద్రం మీంచి తడితో వచ్చే గాలి అక్కడి పెద్ద కొండలెక్కుతూ అక్కడే కురిసేస్తుందట. కొండలు దిగి మన వైపొచ్చేసరికి పొడిగాలి. దిగేకొద్దీ వేడెక్కి, ఉన్న మబ్బునీ కురవనివ్వదట. "గాలి ఒకచోట ఎక్కిందంటే ఇంకోచోట దిగాల్సిందే. ఆ దిగే చోట మన ఊరుంది. నువ్వు పాయసం రుచి చూస్తే ఏం, చూడకపోతే ఏం పిన్నీ!" అంది.

నేను ఎగిరి గంతేశాను. మా అమ్మ తప్పేం లేదు! ఇప్పుడైనా నవ్వుతుందేమోనని ఆవిడ మొహంలోకి చూశాను. అమ్మ పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది.

"పాపం నాదైతే చెంపలేసుకుని, ముడుపు కట్టి, ఏదో ఒకటి చేసుకునేదాన్ని కదమ్మా. గాలిదైతే ఎవరి కాళ్ళు పట్టుకోను?" అంది.

అక్క వాళ్ళ నారూ మా మడి పక్కనే వాడిపోతోంది. పళ్ళెం కింద పెట్టి, అమ్మ పక్కన కూలబడి తనూ ఏడ్చింది. అమ్మకి మంచి చేద్దామనే వచ్చిందని తెలుసు, అయినా నాకు ఆ అక్క మీద పట్టరాని కోపమొచ్చింది.

నారు మడిలోనే ఎండింది. మా నాన్న దాన్ని దున్నేశాడు. అందరం పొన్నూరు వైపు, కాలవ నీళ్ళున్న ఊళ్ళకి, వరినాట్లకు కూలికి పోయాం. మా అమ్మ మళ్ళీ చెంపలేసుకోలేదు. మబ్బు పడితే తలెత్తి చూడటం కూడా మానేసింది.

ఇప్పుడు మా కోడలు సెల్‌ఫోన్‌లో గాలి ఎటు వీస్తోందో, మబ్బు ఎక్కడ ఆగుతుందో చూపిస్తుంది. ఈ ఏడూ మిరప నారు, పత్తి మొలకలు మాడిపోతున్నాయి. ఎవరి పాపమోనని ఊళ్ళో ఇప్పటికీ అంటారు. నా ఎదురుగా అంటే మాత్రం ఊరుకోను, నాలుగు దులిపి నోరు మూయిస్తాను. అక్క చలవ అది. తర్వాత ఇంటికొచ్చి దేవుడి ముందు దీపం పెడతాను. దణ్ణం పెట్టుకుంటాను. వాన అడగడానికి మాత్రం నోరు రాదు.